రెండు శ్రుతిలో దొరికిన గొంతు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, నా గొంతు ఎవరిచ్చిందో తెలుసుకోవడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

సిరిసిల్లలో మగ్గం నేసే ఇంట పుట్టి, పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడేవాణ్ణి. జగిత్యాల, కోరుట్ల, వెల్గటూర్, ఎక్కడ స్టేజీ ఎక్కినా హార్మోనియం ఐదు శ్రుతికి తగ్గనిచ్చేవాణ్ణి కాదు, జనం వన్స్‌మోర్ అంటే పద్యం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవాణ్ణి. గొంతు తెరుచుకోవాలని పాడేముందు గ్లాసెడు సారా తాగడం మాలో అలవాటు, నాకది సీసా అయింది. హైదరాబాద్‌లో సినిమా పాటకు పిలుపొస్తే అక్కడికీ తాగే వెళ్లాను. స్టేజీ మీద కప్పిపుచ్చిన తడబాటును స్టూడియో మైకు పట్టేసింది, సగం పాటకే పంపేశారు!

అవి నక్సలైట్ల రోజులు, వాళ్లను మేం అన్నలనేవాళ్లం. ఇటు వాళ్ల భయం, అటు పోలీసుల భయం, నాటకాలు పొద్దుగూకక ముందే ముగిసేవి. అన్నలు సారా బంద్ పెట్టి తాగినవాణ్ణి కొడతామంటే నెల రోజులు తాగుడూ పాటా రెండూ మానేసి, తర్వాత మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలో సీసా దాచుకున్నాను. తుపాకి కూడా నన్ను మాన్పించలేకపోయింది, సహోదరులారా. చివరికి కోరుట్లలో పట్టపగలు, పద్యం మధ్యలో గొంతు బొంగురుపోయి ఆగిపోయింది. వన్స్‌మోర్ అన్న నోళ్లే నవ్వాయి.

అప్పటికే ప్రార్థనకు వెళ్తున్న నా భార్య రాజవ్వ ఆ గుంటలోంచి సీసా తీసి నా ముందు పెట్టింది. తిట్టలేదు, మోకాళ్లూనింది.

"తండ్రీ, గీయన గొంతు నువ్విచ్చిందే. తీస్కుంటే తీస్కో, గని మనిషిని నాకియ్యి."

సిగ్గుతో ఏడుపొచ్చింది. "ప్రభువా, నాతోని అయితలేదు, నువ్వే మాన్పియ్యి" అన్నాను. సీసా నేనే పారబోశాను. చేతులు వణికిన పది రోజులూ మా ప్రార్థన ఇంటి పాస్టరు అయ్యగారు పక్కన కూర్చున్నారు, నేను మళ్లీ ముట్టలేదు.

గొంతు కొంత తిరిగొచ్చింది గాని ఐదు శ్రుతి రాలేదు. మా ప్రార్థన ఇంట్లో ముసలమ్మలు పాడేది రెండు శ్రుతిలో, నాకది నామోషీగా ఉండి నెలల తరబడి నోరు విప్పలేదు. ఒక ఆదివారం ఆ నామోషీ దిగమింగి, వాళ్ల శ్రుతికే దిగి, జీవితంలో మొదటిసారి చుక్క తాగకుండా పాడాను. అయ్యాక వెనక నుంచి ఒక అవ్వ అంది: "కొడుకా, గా పాట మల్లొక్కసారి పాడు."

మొదటి నుంచి పాడాను. దేవునికే మహిమ.

తాగుడు నన్నిక వదలదనుకునే తమ్ముడా, దాచిన సీసాను నీ చేతులతోనే బయటికి తియ్యి, ప్రభువును అడుగు. మా ప్రార్థన ఇంటి చాప మీద నీకు చోటుంది. పాట రాదని జంకకు, మా శ్రుతి తక్కువే.