మూత కింద మలాయి

అమీర్‌పేటలో నేను అద్దెకున్న ఇంటి ఓనర్ అంకుల్‌కి కారంటే ప్రాణం. అరిగిపోతుందని దాన్ని పక్కనే ఉన్న పంజగుట్ట దాటనిచ్చేవారు కాదు. రోజూ అక్కడిదాకా పోయి కూరగాయలు తెచ్చాక బానెట్ ఎత్తి, ఆయిల్ మూత తీసి, లోపల వేలితో రాసి వాసన చూసేవారు. ఆ తర్వాతే టీ.

ఒక వానాకాలం పొద్దున ఆ వేలికి మీగడలాంటి తెల్లటి జిగురు అంటింది. ఇంజన్ పోయిందనుకుని ఆయన టీ ముట్టలేదు. మెకానిక్ భాయ్ వచ్చి, ఇంజన్‌లోని ఆవిరి బయటికి పోయే పైపు ఊడదీస్తే అందులోనూ అదే. రేడియేటర్‌లో నీళ్లు తగ్గలేదని, అంటే ఇంజన్‌లోకి కారలేదని చూసుకుని నవ్వాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి సాబ్. గింత దగ్గర తిప్పితే ఇంజన్ వేడెక్కదు. లోపలి తేమ ఆయిల్‌ల కలిసి గిట్ల మలాయి అయితది. జర దూరం తోలుండ్రి, అదే పోతది."

"ఎంత దూరం?" కారు మీద చెయ్యేసి అడిగారు అంకుల్.

గుమ్మంలోంచి ఆంటీ అందుకుంది. "యాదగిరిగుట్ట దాకా. కారు కొన్నకాంచి అడుగుతున్న."

ఆ ఆదివారం ఇద్దరూ పోయివచ్చారు. మలాయి పోయింది. సోమవారం నుంచి కారు మళ్లీ పంజగుట్టకే.

నెల తిరక్కముందే ఆంటీ తనే బానెట్ ఎత్తి కేకేసింది. "మళ్ల పట్టిందండీ. ఈసారి నాగార్జునసాగర్ దాకా తోలాలె."

అంకుల్ వేలు చాపుకుంటూ పరుగున వచ్చారు.

"ఏది?"

"తుడిచేసిన" అంది ఆంటీ, కొంగు దులుపుకుంటూ.

పక్కనే ఉన్న నాకు తెలుసు, అక్కడ తుడవడానికి ఏమీ లేదని.