గీత పడని తొట్లు

ఆ రోజు ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకే నేను క్రేన్ ఆపమని చెప్పి ఉండవలసింది. ఆపమన్నది పది గంటల పది నిమిషాలకు. తేదీతో సహా నా నోటుపుస్తకంలో రెండు సమయాలూ ఉన్నాయి. మధ్యలో గడిచిన అరవై నిమిషాల గురించే ఇక్కడ రాస్తున్నాను.

పాలిటెక్నిక్‌లో ముప్పైయొక్క సంవత్సరాలు పాఠాలు చెప్పిన తరువాత, ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, నేను పరిశోధక విద్యార్థినయ్యాను. బజారులో మైల్డ్ స్టీల్ పేరుతో అమ్మే తక్కువ కార్బన్ ఉక్కు నా అంశం. మోయగలిగిన బరువునే లక్షల సార్లు ఎత్తి దించితే ఆ ఉక్కు ఎన్నో సారికి పగులుతుంది? బరువు మించితేనే ఇనుము విరుగుతుందని అందరూ అనుకుంటారు. మించనవసరం లేదు. వెల్డింగ్ అంచున వెంట్రుకంత నెర్రె మొదలై, ప్రతి ఎత్తుకూ కొంచెం కొంచెంగా లోపలికి పోతుంది. లోహపు అలసట అంటే ఇదే. బరువు దించి ఎంతకాలం ఊరకే ఉంచినా ఈ అలసట తీరదు.

మార్కాపురం అవతల ఒక పలకల గనిలోని క్రేన్‌ను పరీక్షకు ఎంచుకున్నాను. గొయ్యి లోతు డెబ్బై అడుగులు. అంచున నిలువు స్తంభం, దానికి అతికిన పొడవాటి ఇనుప చెయ్యి, చెయ్యి చివర తీగతాడుకు వేలాడే తొట్టి. పన్నెండేళ్ల కిందట గిద్దలూరులో కట్టించారు. చెయ్యి స్తంభాన్ని కలిసే చోట ఉన్న వెల్డింగ్ అతుకు మీదనే బరువంతా పడుతుంది. కట్టిన వెల్డరునే వెతికి పట్టుకుని, అదే రకం ఉక్కుతో, అదే రకం రాడ్డుతో తొమ్మిది నమూనా అతుకులు చేయించాను. విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో వాటిని యంత్రానికి బిగించి, పలకరాయి తొట్టి ఆ అతుకుపై వేసే భారాన్ని నిమిషానికి ఆరు వందల సార్లు వేసి తీశాను. తొమ్మిదింటిలో బలహీనమైనది పన్నెండు గంటల నలభై ఏడు నిమిషాలకు, అంటే నాలుగు లక్షల అరవై వేల సార్లకు, పగిలింది.

అసలు క్రేన్ అప్పటికి ఎన్నిసార్లు ఎత్తింది? లెక్క సిద్ధంగా దొరకడం నా అదృష్టమనుకున్నాను. గని అంచున రేకుల షెడ్డులో ఒకామె కూర్చుని, తొట్టి పైకి రాగానే పలక మీద బలపంతో ఒక గీత గీసేది. సాయంత్రం గీతలను పుస్తకంలోకి ఎక్కించి పలక తుడిచేసేది. పన్నెండేళ్ల పుస్తకాల్లోని అంకెలను రెండుసార్లు కూడి చూశాను. రెండుసార్లూ ఒకే మొత్తం వచ్చింది: ఒక లక్షా వెయ్యిన్నీ మూడు వందల నలభై. అంత శుభ్రమైన లెక్కను నేను కళాశాలలో కూడా చూడలేదు. అతుకు ఆయుష్షులో ఇరవై రెండు శాతమే ఖర్చయిందని తేల్చి, ఇంకా చాలా ఏళ్లు భయం లేదని గని యజమానికి కాగితం రాసిచ్చాను. ఆయన దానిని అద్దంలో పెట్టించి షెడ్డులో తగిలించారు.

ఆ ఉదయం నేను వెళ్లింది తొట్టి బరువు మరొకసారి తూచి సరిచూడడానికి. గీతలు గీసే ఆమె పక్కనే బండ మీద కూర్చున్నాను. ఒక తొట్టి పైకి వచ్చింది. గుమ్మటంగా నింపిన వేస్టు రాయి, పలకలకు పనికిరానిది. దిబ్బ మీద కుమ్మరించి మళ్లీ కిందికి దించారు. ఆమె గీత గీయలేదు. రెండో తొట్టీ అట్లాగే పోయింది.

"ఏమ్మా, రెండు తొట్లకు గీత పడలేదే?" అన్నాను.

"అది వేస్టు గద సార్. వేస్టుకు గీత యాడన్నా గీస్తారా?"

"ఈ ఒక్కరోజేనా?"

"యా రోజైనా అంతే. నేను వచ్చినకాడ్నుంచి అంతే. కూలి కట్టేది మంచి రాయికి. వేస్టును లెక్కబెట్టి ఎవురికి చెప్పాల?"

క్రేన్ నడిపే మనిషి మోటారు దగ్గర నుంచి నవ్వాడు. "వేస్టుకు గూడా గీసిందంటే మా వదిన పలక మధ్యాన్నానికే సున్నం కొట్టిన గోడయితాది సార్!"

గడియారం చూశాను. తొమ్మిది పది. లేచి ఆపమనాలని తెలుసు. అయితే ఎంత తేడా ఉందో చెప్పడానికి నా దగ్గర అంకె లేదు. అంకె లేకుండా నేను ఎవరితోనూ ఏదీ అనలేదు, అంతకుముందు. గంటసేపు లెక్కపెడదామని నోటుపుస్తకం తెరిచాను.

కింద పదకొండు మంది ఉన్నారు. వాళ్లలో ఐదుగురు ఆడవాళ్లు. అర్ధవీడు వైపు నుంచి వచ్చి గని దగ్గరే గుడిసెలు వేసుకున్నవాళ్లు. తొట్టి పైకి లేచి పక్కకు తిరిగే ప్రతిసారీ ఆ ఇనుప చెయ్యి వాళ్ల తలల మీదుగా పోతుంది. మూడో తొట్టి. నాలుగోది. అతుకు మీద పచ్చరంగు దట్టంగా ఉంది. రంగు కింద ఏముందో కనపడదు. ఒక వేస్టు తొట్టిని కాటాకు తగిలించి చూశాను. ఐదు వందల అరవై కిలోలు. పలకరాయి తొట్టి నాలుగు వందల పది. పలకలు పగలకుండా అర తొట్టికే ఆపుతారు, వేస్టును పారతో కొట్టి కొట్టి నింపుతారు. లెక్కలోకి రానివే ఎక్కువ బరువువి.

పదమూడో తొట్టి దిగుతూ ఉయ్యాలలా ఊగింది. కింది నుంచి ఒకామె అరిచింది: "ఓ బావా, మెల్లగ దించు! నా నెత్తిన పెడ్తావా ఏంది?"

"నీ నెత్తి గట్టిదిలే మరదలా, నా బాధంతా తొట్టికే!"

కింద అందరూ నవ్వారు. నా పెన్సిల్ మొన విరిగింది. మరొకటి తీసుకుని పదమూడు అని వేసుకున్నాను. ఆ చోట కాగితం కొంచెం చిరిగి ఉంది.

పది పదికి ఇరవై ఒక్క తొట్లు అయ్యాయి. వాటిలో గీత పడినవి నాలుగు. ఆ నిష్పత్తిలో పన్నెండేళ్లకు ఐదు లక్షల ముప్పై రెండు వేలు దాటుతుంది. నా బలహీనమైన నమూనా పగిలిన సంఖ్యను ఆ క్రేన్ ఎప్పుడో దాటిపోయింది.

"ఆపు. కిందివాళ్లను పైకి రమ్మను," అన్నాను.

"మా సావుకారు చెప్పాల సార్," అన్నాడు క్రేన్ మనిషి. కాని మోటారు మీది నుంచి చెయ్యి తీశాడు.

యజమాని వచ్చారు. "ఏంది సార్, లారీ కాచుకోనుంటే?"

చెప్పాను. ఆయన గోడమీది కాగితం వైపు వేలు చూపించారు. "ఆ సంతకం మీదే కద?"

"నాదే. తప్పు రాశాను."

"ఆ పొద్దు రాసింది తప్పయితే, ఈ పొద్దు చెప్పేది తప్పు కాదని ఎట్ల నమ్మాల?"

న్యాయమైన ప్రశ్న. నా కొత్త లెక్క ఒకే ఒక్క గంటది. తరగతిలో ఏ విద్యార్థి అయినా ఒక గంట లెక్కతో పన్నెండేళ్లను తేల్చి తెస్తే నేను వెనక్కి పంపేవాణ్ణి. కింద గునపాల చప్పుడు మళ్లీ మొదలైంది.

మాట్లాడింది గీతలు గీసే ఆమె. "అన్నా, సారు లెక్క నాకు తెల్దు. ఆ దిబ్బ సూడు." షెడ్డు వెనక వేస్టు దిబ్బ తాటిచెట్టు ఎత్తున ఉంది. "అది నడుసుకుంటా వచ్చిందా ఆడికి? ఈ చెయ్యే కద మోసింది! నా పుస్తకంలో దాంది ఒక్క రాయి గూడా లేదు."

ఆయన ఆ దిబ్బను అప్పుడే చూస్తున్నట్టు చూశారు. రోజూ దాని నీడలోనే బండి నిలుపుతారు. "అరగంట," అన్నారు చివరకు. "ఏం లేదని తేలిందంటే సాయంత్రం దాంక తొట్టి మీరే లాగాల సార్."

పదకొండు మందీ మెట్ల మీదుగా పైకి వచ్చేదాకా నేను లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. క్రేన్ మనిషి నిచ్చెన వేసి అతుకు మీది రంగును తీగబ్రష్‌తో గీకాడు. పగుళ్లను పట్టే ఎర్ర ద్రావకం చల్లి, పది నిమిషాలు ఆగి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన తెల్లపొడి కొట్టాను. నెర్రె ఉంటే లోపల దాగిన ఎరుపు తెలుపులోకి ఊరుతుంది. ఒక నిమిషం ఏమీ లేదు. రెండో నిమిషం కూడా తెల్లగానే ఉంది. యజమాని కిందినుంచి గొంతు సవరించుకున్నారు. మూడో నిమిషంలో వెల్డింగ్ దిగువ అంచున సన్నని ఎర్రగీత మొలిచి రెండువైపులా పాకింది. స్కేలు పెట్టాను. ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు.

"ఏంది సార్ ఆ ఎర్రది?" అనడిగింది బావతో పరాచికాలాడిన ఆమె.

"నెర్రె."

"అంతేనా! మూడు వేళ్ల వెడల్పు గూడా లేదే. ఇంగెన్నాళ్లు ఆగేది?"

"ఎన్ని తొట్లకు పోతుందో చెప్పలేను," అన్నాను. ఆమె నిచ్చెన వైపు, గొయ్యి వైపు చూసి, కొంగు నడుముకు దోపుకుని గొయ్యి అంచు నుంచి దూరంగా వెళ్లి కూర్చుంది. క్రేన్ మనిషిని ఆ రోజు ఎవరూ మళ్లీ బావా అని ఎగతాళి చేయలేదు.

అతుకు కోసి కొత్త ప్లేట్లు వేసేదాకా ఇరవై మూడు రోజులు పని ఆగింది. నా సిద్ధాంత గ్రంథంలో ఐదో అధ్యాయమంతా కొట్టివేసి మళ్లీ రాశాను. మౌఖిక పరీక్షలో బయటి నుంచి వచ్చిన పరీక్షకులు ఆ గంట పట్టికను ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. కాగితాలను నమ్మకుండా స్వయంగా లెక్కించడం మంచి పద్ధతి అన్నారు. తరువాత మామూలుగానే అడిగారు: "ఈ గంటసేపు కింద పని ఆపించారు కదా?"

"లేదండీ. పదకొండు మంది పనిచేస్తున్నారు."

ఆయన కళ్లజోడు తీసి నా వైపు చూశారు. వేరే ప్రశ్నకు వెళ్లిపోయారు.

పట్టా ఇవ్వడానికి సిఫారసు చేశారు. చివరి ప్రతిలో ఆ పట్టిక కింద నేను ఒక వాక్యం చేర్చాను: ఈ లెక్క తీస్తున్నంతసేపూ క్రేన్ కింద పదకొండు మంది ఉన్నారు, పరిశోధకుడు పని ఆపించలేదు. అది శాస్త్రానికి సంబంధించిన విషయం కాదు, తీసేయండి అన్నారు నా గైడు. నేను తీయలేదు.