పాటలో ఆయన ఆగే చోటు

పెద్దనాయన పోయిన కబురు వచ్చినప్పుడు నేను ఆరో తరగతికి డిక్టేషన్ చెబుతున్నాను. ఫోన్ చేసింది పెద్దమ్మ. నేను బడిలో ఉండే వేళ ఆమె ఎన్నడూ ఫోన్ చెయ్యదు. అందుకే తరగతిలోనే తీశాను.

"అమ్మాయ్, మీ పెద్దనాయన పోయినాడు. పొద్దున టీ తాగి గ్లాసు కింద పెట్టినాడు, అంతే. నువ్వు రావాల. వచ్చి పాడాల," అంది.

సరే పెద్దమ్మా అన్నాను. ఫోన్ పక్కన పెట్టి, మిగిలిన నాలుగు మాటలూ పిల్లలకు చెప్పాను. పుస్తకాలు తీసుకున్నాను. కూర్చుని దిద్దాను కూడా. తప్పులన్నిటికీ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టాక, హెడ్మాస్టరు గదికి వెళ్లి సెలవు అడిగాను. ఎవరు పోయారని అడిగారు. "మా పుట్టింటి పక్కింటాయన" అన్నాను. అది అబద్ధం కాదు. బస్సు ఎక్కేటప్పుడు టిఫిన్ డబ్బా మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి వెళ్లి తెచ్చుకున్నాను. ఏడుపు మాత్రం రాలేదు. నెల దాటింది, ఇప్పటికీ రాలేదు. లోపల ఎక్కడో మొద్దుబారిపోయి ఉంది.

మీలో ఎవరూ ఆయన పేరు విని ఉండరు. మార్కాపురం చుట్టుపక్కల కొన్ని ప్రార్థన మందిరాల్లో ఆయన పాటలు పాడతారు, అంతే. రాసింది ఎవరో పాడేవాళ్లకే తెలియదు. అది ఆయన కావాలని చేసుకున్నదే. "పేరు వేస్తే నాది అయిపోతాది పాపా. పేరు లేకపోతే ఎవురు పాడితే వాళ్లదే గదా," అనేవాడు. అందుకని నేనూ ఇక్కడ ఆయన పేరు రాయడం లేదు. మాకు రక్తసంబంధం లేదు. మా నాయన కంటే పెద్దవాడు కాబట్టి పెద్దనాయన, ఆయన భార్య కాబట్టి పెద్దమ్మ. రెండిళ్లకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉండేది.

ఆయనది పలకల పని. కోత మిషను దగ్గర నిలబడి, గనిలోంచి వచ్చిన రాతి పలకలను కొలతకు కోసేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ము పేరుకుని ఉండేది. గడప బయటే నిలబడి తువ్వాలుతో దులుపుకునేవాడు. తర్వాత స్నానం, తర్వాత టీ, తర్వాత పాట. ఈ వరస ఒక్కరోజు తప్పినట్టు నాకు గుర్తులేదు. చదివింది అయిదో తరగతి. పాటలు రాసేది కాగితం మీద కాదు. అంచు విరిగి, చట్రం బిగించడానికి పనికిరాని పలకలు ఇంటికి తెచ్చుకుని, వాటి మీద బలపంతో రాసేవాడు.

ఒక వాక్యం రాయగానే గోడ మీంచి పిలుపు వచ్చేది. "పాపా, ఒకసారి రా."

నేనప్పుడు తొమ్మిదో తరగతి. గొంతు బాగుంటుందని ఊళ్లో పేరు. నాకు ఆ పేరు మీద కొంచెం గర్వం కూడా ఉండేది. ఆయన పాడి వినిపించేవాడు, నేను వెనక పాడేదాన్ని. నా నోరు ఎక్కడ తడబడితే అక్కడ తడివేలితో చెరిపేసేవాడు. "నీ తప్పు కాదులే. నోటికి తగిలే మాట రాసినోడిదే తప్పు," అనేవాడు. అలా చెరపకుండా మూడు రోజులు పలక మీద నిలిచిన పాటనే నా నోట్సులోకి ఎక్కించనిచ్చేవాడు. ఎంత మంచి మాటైనా నాలుక తిరగకపోతే దాని మీద జాలి చూపేవాడు కాదు. ఒకసారి నాకు బాగా నచ్చిన చరణం మొత్తం చెరిపేస్తే అలిగి రెండు రోజులు గోడ దగ్గరికే పోలేదు. మూడో రోజు ఆయనే వచ్చి, "మాట బరువైతే రాగం మోస్తాది పాపా. రెండూ బరువైతే మోసేది ఎవురు? నువ్వే గదా," అన్నాడు. నవ్వొచ్చి అలక పోయింది.

ఆయన పాటల్లో అందరికీ వచ్చినది ఒకటుంది. దాని పల్లవి ఇది:

దుమ్ములో నుంచి నన్ను పిలిచినావు
దుమ్ము దులిపి నీ పక్కన
కూసోబెట్టుకున్నావు

ఈ పాట నేర్పేటప్పుడు "నీ పక్కన" దగ్గర ఆయన ఆగేవాడు. అరచెయ్యి కొంచెం పైకెత్తి, ఉండు అన్నట్టు పట్టుకునేవాడు. చెయ్యి దించాక "కూసోబెట్టుకున్నావు" అని అందుకునేవాడు. నేనూ అక్కడ ఆగడం నేర్చుకున్నాను. వేళ్లు మడిచి లెక్క కూడా పెట్టుకున్నాను, సరిగ్గా ఎంతసేపు ఆగాలో. అంత మంచి మాట తర్వాత ఆ కాస్త నిశ్శబ్దం నాకు చాలా ఇష్టంగా ఉండేది. బుధవారం ప్రార్థనలో ఊరి ఆడవాళ్లకు ఆయన ఆ పాట నేర్పినప్పుడు, పక్కన నిలబడి ఎక్కడ ఆగాలో చెప్పింది నేనే.

మొదటి రికార్డింగు పాస్టరుగారి ఇంట్లో టేపురికార్డరు మీద. రెండు మీటలు కలిపి నొక్కి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. మధ్యలో పెరట్లో మేక అరిచింది. మళ్లీ పాడదామని నేనంటే, "ఉండనీ పాపా, అది కూడా పాడింది," అన్నాడు. ఆ క్యాసెట్టు తిరిగి తిరిగి అరిగిపోయింది.

తర్వాత గిద్దలూరులో హార్మోనియం వాయించే పెద్దమనిషి ఒకరు మంచి బాణీలు కడతారని ఎవరో చెప్పారు. బేస్తవారిపేటలో బస్సు మారి పోయాం. పెద్దమ్మ సద్ది కట్టి ఇచ్చింది. ఆ హార్మోనియం పెద్దమనిషి మా పాట విని, ఇంత నిదానం పనికిరాదని, అక్కడికక్కడే సినిమా పాట మాదిరి గబగబా మార్చి వాయించి చూపించారు. పెద్దనాయన చివరి దాకా విని దండం పెట్టాడు. "చానా బాగుంది సామీ. ఈ బాణీ మీరు ఉంచుకోండి. మా పాట మేం తీసుకపోతాం," అన్నాడు. బస్టాండు దాకా ఇద్దరం నవ్వుకుంటూ వచ్చాం. సద్ది తినేటప్పుడు మాత్రం ఆయన, "పాట నచ్చక కాదులే, ఆయనకు తీరిక లేదు," అన్నాడు. ఎదుటివాళ్ల మీద ఆయన నోట అంతకు మించిన మాట నేను వినలేదు.

నాకు పెళ్లయింది. మార్కాపురంలో కాపురం, బడిలో ఉద్యోగం. ఈలోగా ఆయన పని మానేశాడు. మానేశాడనడం కన్నా, ఊపిరి మాన్పించిందనాలి. డాక్టరు ఎక్స్‌రే చూసి "ఇది దుమ్ము" అన్నాడట. "నాకు తెలుసు సార్, ఎప్పుడు పోతాదో చెప్పండి," అన్నాడట ఈయన. ఈ మాట పెద్దమ్మ నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వాను.

అప్పుడే అనుకున్నాను, ఒక్క పాటైనా పద్ధతిగా రికార్డు చేయించాలని. పొదిలిలో సెల్‌ఫోన్ దుకాణం పైన ఒక స్టూడియో ఉంది. గోడలకు కోడిగుడ్ల అట్టలు, కిటికీకి దుప్పటి. పెద్దనాయనను ఆటోలో తీసుకుపోయాను. మెట్లెక్కడానికి మూడుసార్లు కూర్చున్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు, మనిషి కనబడని రికార్డింగుకు.

చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదలుపెట్టాను. "నీ పక్కన" దగ్గర ఆగాను. స్టూడియో ఆయన ఆపేశాడు.

"అక్కడెందుకు ఆగుతన్నారు మేడం? తాళం పోతావుంది."

"పాట అట్లే ఉంది," అన్నాను.

"ఎట్ల ఉంటాది? మాట మధ్యలో ఎవరన్నా ఆగుతారా?"

నాకు కోపం వచ్చింది. తలుపు తెరిచి, "పెద్దనాయనా, ఇక్కడ ఆగాలా లేదా, నువ్వే చెప్పు," అన్నాను. ఆయన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక చెప్పాడు.

"పాటలో యాడుంది పాపా ఆగడం? నాకు ఊపిరి చాలక ఆగేవాణ్ణి. నువ్వు అది కూడా నేర్చుకున్నావా ఏంది?"

అంటే, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటికే ఆయనకు ఊపిరి అందడం లేదు. రోజూ సాయంత్రం ఎదురుగా కూర్చుని విన్న నాకు తెలియలేదు. ఆయన ఆయాసాన్ని నేను తాళం అనుకుని వేళ్ల మీద లెక్కపెట్టాను. ఊరి ఆడవాళ్లందరికీ నేర్పాను కూడా.

"తీసెయ్ నాయనా, తీసెయ్. బాగా రానీ," అని స్టూడియో ఆయనతో పెద్దనాయనే అన్నాడు. ఆగకుండా పాడమంటే నా గొంతు వినలేదు. ఎన్నిసార్లు పాడినా అక్కడికి వచ్చేసరికి దానంతట అదే ఆగిపోయింది. చివరికి స్టూడియో ఆయన విసిగి, నన్ను పిలిచి కంప్యూటర్లో చూపించాడు. ఎగుడుదిగుడు గీతల మధ్య ఒకచోట చదునుగా ఉంది. "ఇదే మేడం మీ ఖాళీ," అని దాన్ని కత్తిరించి రెండు ముక్కలూ దగ్గరికి జరిపాడు. అతుకు తెలియలేదు. పాట నిజంగానే బాగా వచ్చింది. నేనే యూట్యూబులో పెట్టించాను. ఆ తర్వాత నాకూ అలా పాడడమే అలవాటైంది.

పోయిన శీతాకాలం వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆయన మంచం మీద కూర్చుని, ఫోనులో ఆ పాట పెట్టుకుని దానితోపాటు పాడుతున్నాడు. పాడుతున్నాడంటే, పాడబోయి వెనకబడుతున్నాడు. ఆయన "పక్కన" అని ఊపిరి తీసుకునేలోపు ఫోనులో నేను తర్వాతి పాదంలో ఉన్నాను. నన్ను చూసి ఫోను ఆపాడు.

"నీతో నడవలేకపోతన్నా పాపా. ఉరుకుతన్నావు."

వెళ్లి మంచం అంచున కూర్చున్నాను. అప్పుడు ఆయనే అడిగాడు. జీవితంలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

"ఒకసారి పాతమాదిరి పాడి పంపిస్తావా? ఆ ఆగేది పెట్టి. నేను కూడా పాడుకుంటా."

తప్పకుండా అన్నాను. ఫోనులో పాడి పంపితే అయిదు నిమిషాల పని. నాకు అది చాలలేదు. ఆయన అడిగిన ఒక్కటీ మళ్లీ స్టూడియోలో పద్ధతిగా చేయించి ఇవ్వాలనుకున్నాను. పరీక్షలు అయ్యాక అనుకున్నాను. పేపర్లు దిద్దాక అనుకున్నాను. సెలవుల్లో మా పాపకు జ్వరం. పెద్దనాయన మళ్లీ అడగలేదు. ఫోన్ చేస్తే పిల్లలు బాగున్నారా అని అడిగేవాడు, అంతే. నేనే ఆ మాట ఎత్తకుండా జాగ్రత్తపడ్డాను. ఈ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ చెప్పకపోతే ఈ నాలుగు మాటలూ రాసి ప్రయోజనం లేదు.

ఆ రోజు ఊరు చేరేసరికి మధ్యాహ్నం అయింది. ఇంటి ముందు షామియానా వేశారు. పెద్దమ్మ నన్ను చూసి, "తిన్నావా?" అని అడిగింది. తిన్నానన్నాను. డబ్బా బరువుగా సంచిలోనే ఉంది. ఆయనకు అదే తెల్లచొక్కా వేశారు. కిటికీలో విరిగిన పలక ఒకటి ఉంది. దాని మీద ఏమీ రాసిలేదు, చెరిపిన మరకలు మాత్రం ఉన్నాయి.

సమాధుల తోట ఊరి చివర. పలకలకు చట్రాలు బిగించే ఆడవాళ్లు పని మీంచి నేరుగా వచ్చినట్టున్నారు, చీరల అంచులకు ఇంకా ఆ దుమ్ము ఉంది. పాస్టరుగారు ప్రార్థన చేసి నా వైపు చూశారు. అందుకున్నాను. గొంతు వణకలేదు, బడి ప్రార్థనలో పాడినట్టే వచ్చింది. అందరూ కలిశారు.

దుమ్ములో నుంచి నన్ను పిలిచినావు. దుమ్ము దులిపి నీ పక్కన.

అందరూ ఆగారు.

నేను ఆగలేదు. "కూసోబెట్టుకున్నావు" అని నా గొంతు ఒక్కటే ముందుకు పోయింది. అంతమంది మధ్య, ఆ బయలులో, ఒక్కదాన్నే. నా మాట అయిపోయాక కూడా వాళ్లు ఆగే ఉన్నారు. తర్వాత తొందర లేకుండా, అందరూ ఒక్కసారే అందుకున్నారు. వాళ్లకు ఆ పాట నేర్పింది ఫోను కాదు, ఆయన. ఎక్కడ ఆగాలో చెప్పింది నేను. నేను కత్తిరించి పారేశాననుకున్నది ఊరంతా దాచి పెట్టుకుంది. ఆయనకు ఫోనులో దొరకనిది వాళ్లలో ఎవరినడిగినా పాడి పంపేవాళ్లు. ఆయన నన్ను అడిగాడు.

పల్లవి మళ్లీ వచ్చింది. పెద్దమ్మ పాడడం లేదు. మట్టి కుప్ప పక్కన కింద కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు. "నీ పక్కన" అనగానే, ఆయన మాదిరే, అరచెయ్యి కొంచెం పైకెత్తింది.

ఈసారి ఆగాను. పార మట్టిలో దిగిన చప్పుడు వినబడింది. వెనక ఎవరో దగ్గారు. పెద్దమ్మ చెయ్యి ఇంకా దించలేదు. అందరం అలాగే నిలబడి ఉన్నాం.