మాస్టారు దిద్దని సొంతవాక్యం

మా తెలుగు మాస్టారు పోయారు. కాకినాడలో నేను పనిచేసే బడిలో మొదటి గంట కొట్టబోతుండగా మా నాన్న ఫోను చేశాడు. "మాస్టారు ఇక లేరమ్మా" అన్నాడు. ఇంకేదో చెప్పబోయి పెట్టేశాడు. నేనూ తెలుగే చెబుతాను. ఆ రోజు పాఠం చెప్పడం నా వల్ల కాలేదు.

మండపేట దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆయన చొక్కా జేబు ఎప్పుడూ సుద్దపొడితో తెల్లగా ఉండేది. సొంతవాక్యాలంటే ఆయనకు మహా పట్టుదల. 'పుష్కలంగా' అన్న మాట ఇస్తే క్లాసంతా 'మా ఊరిలో పంటలు పుష్కలంగా పండుతాయి' అని రాసేవాళ్లం. "అది గైడు వాక్యం. మీ వాక్యం ఏదీ?" అని పుస్తకాలు తిరిగి ఇచ్చేసేవారు. ఒకడు దోమలు పుష్కలంగా ఉన్నాయని రాశాడు. "దోమలు కావాలని కోరుకున్నావట్రా? కావలసింది నిండుగా ఉంటేనే పుష్కలం. దోమలకి 'విపరీతం' చాల్లే!" అని నవ్వారు. మాటకు అర్థం తెలియడం వేరు, ఆ మాటతో కాపురం చెయ్యడం వేరు అనేవారు.

నేను తొమ్మిదిలో ఉండగా తుఫాను వచ్చింది. కోతకొచ్చిన చేను నీళ్లలో పడుకుంది. మాది కౌలు సేద్యం. ఇక బడి మానేసి కుట్టుపని నేర్చుకోమన్నాడు నాన్న. బడి తెరిచాక మాస్టారు పాత మాటలే మళ్లీ రాయించారు. 'మా చేలో నీళ్లు పుష్కలంగా ఉన్నాయి. అందుకే రేపట్నుంచి నేను బడికి రాను' అని రాశాను.

ఆయన ఎర్ర పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టేసుకున్నారు. "ఇక్కడ ఆ మాట కుదరదమ్మా. కానీ దీన్ని నేను దిద్దలేను" అన్నారు మెల్లగా.

సాయంత్రం సైకిలు మీద మా చేను దగ్గరికి వచ్చారు. పంచె ఎగ్గట్టి మోకాల్లోతు నీళ్లలోకి దిగారు. మొలకెత్తిన వరి వెన్నులు ఏరుతున్న నాన్న పక్కన తానూ వంగి ఏరడం మొదలుపెట్టారు. కొంతసేపయ్యాక అన్నారు:

"పిల్ల చదువు మాన్పించకండి. పుస్తకాలూ ఫీజులూ నేను చూసుకుంటాను."

"మీకెందుకండి మాస్టారూ ఈ భారం? మీరూ పిల్లలు గలవారే కదండి."

"భారమని నేనన్నానా అండి?"

"ఆయ్... అలాగేనండి" అన్నాడు నాన్న. ఈ రోజు నేను నలుగురికి పాఠం చెప్పి బతుకుతున్నానంటే ఆ సాయంత్రం చలవే.

పిల్లలు ఉద్యోగాలకని దూరం వెళ్లిపోయారు, భార్య పోయాక ఆయన ఒంటరిగానే ఉండిపోయారు. ఈ మధ్య చూడ్డానికి వెళ్లినప్పుడు, మా బడి పిల్లలు కూడా గైడు వాక్యాలే రాస్తున్నారని వాపోయాను. "ముందు వాళ్ల ఇళ్లకి వెళ్లొస్తూండమ్మా. వాక్యాలు అవే వస్తాయి" అన్నారు. నాతో ఆయన అన్న చివరి మాట అదే.

నాన్న ఫోను రాగానే బయల్దేరి, ఊళ్లో బస్సు దిగి వెళ్లేసరికి ఆయన గుమ్మం ముందంతా చెప్పులే. బురద చెప్పులు, ఆఫీసు బూట్లు, ఆడపిల్లల పట్టీల చెప్పులు, అరుగు దిగి వీధిలోకి పరుచుకుపోయాయి. ఆ చివర మా నాన్న, విడవడానికి చోటు దొరక్క, తన చెప్పులు చేత్తో పట్టుకుని, ఎండలో నిలబడి పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు.