తడి ఉన్నంతసేపు

గోవింద్‌పూర్‌లో లారీల కర్మాగారం వెనక చిన్న ఇల్లు. దాని పెరటి గోడ మీద జోగమ్మకి ఒక సముద్రం కావాలి. కళింగపట్నం తీరం నుంచి పెళ్ళై వచ్చాక ఆమె మళ్ళీ కెరటం చూడలేదు. కూతురు వరహాలు అసలే చూడలేదు. సముద్రమంటే పెద్ద నదే కదా అని ఆ పిల్ల హిందీలో అడిగినప్పుడల్లా జోగమ్మ చేతులు బారచాచి, ఏం చూపాలో తోచక దించేసేది.

సొహ్రాయ్ పండగ ముందు పక్క బస్తీ సంతాలీ ఆడవాళ్ళు గోడలకు మట్టినే రంగుగా పూస్తారు. వాళ్ళ వెంట తిరిగి జోగమ్మా నేర్చుకుంది. కొండవాలు ఎరుపు, వాగుగట్టు పసుపు, కాల్చిన గడ్డి నలుపు. కొంగున మూటగట్టి తెచ్చి, నానబెట్టి, వేళ్ళతో పూసేది. గోడ మీదికి ఇసుక వచ్చింది. పడవ వచ్చింది. నీళ్ళుండాల్సిన చోటు ఖాళీగా ఉండిపోయింది. ఈ నేలలో నీలం లేదు.

కర్మాగారంలో వెల్డింగు పనిచేసే భర్త సన్యాసిరావు నవ్వాడు.

"బట్టల నీలిమందు తెత్తానే. ఎవులికి తెలుత్తాది?"

"నాకు తెలుత్తాది."

ఒక ఉదయం సువర్ణరేఖ నది ఒడ్డున ఆమె పాదం బూడిదనీలం బురదలో దిగబడింది. పడవలు బయల్దేరే ముందు, తెల్లారీ తెల్లారని సముద్రం రంగు. తట్టనిండా తెచ్చి గోడకు పూసింది. పూస్తుంటే ముక్కుకు ఉప్పుగాలి తగిలింది.

వరహాలు బడి నుంచి వచ్చేసరికి ఎండకు గోడ ఆరిపోయింది. "అమ్మా, యే తో రాఖ్ హై," అంది. బూడిదే మరి. జోగమ్మ కడిగేద్దామని చెంబెడు నీళ్ళు విసిరింది.

నీళ్ళు పడ్డచోటల్లా నీలం లేచింది. జారే తడిలో పడవ కింద గోడంతా మెల్లగా ఊగింది.

వరహాలు దగ్గరికొచ్చి నిలబడింది. ఈసారి హిందీ రాలేదు.

"అమ్మా, కదులుతోందే."

"అదేనే. అలాగే ఉంటాది."

అప్పట్నించి రోజూ ఒక చెంబు. నీళ్ళతో పాటు కాస్త మట్టీ జారేది. వానలొచ్చి నది ఆ ఒడ్డును ముంచేసింది. మళ్ళీ వెతికితే అంతా ఇసుకే. చూరు కింద గోడ మీద, పడవ అంచున, నీలం అరచేయంత మిగిలింది.

వరహాలు చెంబు ఎత్తింది. జోగమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"కొంచెమే పొయ్యే," అంది. "రేపూ చూడాల."