ఆ రాగం నాకు కలలో రాలేదు

పాడేవాళ్ళకు గొంతు పట్టేస్తే వేడినీళ్ళు తాగమంటారు. ఇన్నేళ్ళుగా తాగుతూనే ఉన్నాను. నా గొంతుకు అడ్డం పడింది నీళ్ళకు కరిగేది కాదు. ఒక అబద్ధం. ఒక మధ్యాహ్నం గుమ్మంలో నిలబడి ఆడిన చిన్న అబద్ధం. దాన్ని మోస్తూనే బట్టలు ఉతికాను, వంటలు చేశాను, ప్రార్థనల్లో కళ్ళు మూసుకుని పాడాను. ఇవాళ మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే నయం.

నా పేరు రాయను. భయపడి కాదు. నా పేరు పడకూడని చోట ఇప్పటికే పడింది. ఇక్కడ పడవలసిన పేరు ఐరిస్.

ఇంకో సంగతి ముందే తేల్చేస్తాను. నేను కోనసీమ నుంచి ఈ దేశానికి వచ్చిన పనిమనిషిని. ఇక్కడ మమ్మల్ని ఖద్దామా అంటారు. ఆ మాట వినగానే మీకు జాలి పుట్టుకొస్తుంది. పాపం, ఏ దిక్కూ లేక చేసి ఉంటుంది అనుకుంటారు. అనుకోకండి. ఆ ఇంట్లో నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. నా పాస్‌పోర్టు నా పెట్టెలోనే ఉండేది. వాళ్ళు ఏం తింటే నేనూ అదే తిన్నాను. నేను చేసింది తెలిసి చేశాను. నా పేదరికాన్ని నాకు సాక్ష్యానికి పిలవకండి. అది రాదు.

ఆ ఇల్లు దుబాయ్ అవతల రాస్ అల్ ఖైమాలో. మేడమ్ స్కూల్లో టీచరు. లండన్‌లో పుట్టిన నల్లజాతి మనిషి. భర్త లేడు. తల్లిని తనతో తెచ్చుకుంది. ఆ తల్లే ఐరిస్. ఆవిడను చూసుకోవడానికే నన్ను పెట్టుకున్నారు. మోకాళ్ళు తప్ప ఆవిడకు ఏ లోటూ లేదు. నోరు, చెవి, మతి అన్నీ సుబ్బరంగా పనిచేసేవి.

మొదటి రోజు ఆవిడను కూడా మేడమ్ అన్నాను. నవ్వేసింది. "మేడమ్ నా కూతురు. నన్ను ఆంటీ అను. మా జమైకాలో పెద్దవాళ్ళను అలాగే పిలుస్తాం" అంది. మా ఊళ్ళోనూ అంతే అన్నాను. ఆవిడ ఇంగ్లీషు మొదట్లో సగమే తెలిసేది. తర్వాత తర్వాత మాట కంటే ముందే భావం అందేది. ఇక్కడ నాకు అందినట్టు తెలుగులో రాస్తున్నాను.

మధ్యాహ్నాలు ఆవిడ తలకు ఆముదం రాసి జడలు అల్లేదాన్ని. వాళ్ళ దేశంలోనూ ఆముదమే రాస్తారట. అల్లుతున్నంతసేపూ ఆవిడ పాడేది. నేనూ చర్చిలో చిన్నప్పటినుంచి పాడినదాన్నే, గొంతు ఎలాంటిదో తెలుసుకోలేనా? ముసలితనం ఆ గొంతు అంచులు అరగదీసింది గానీ లోపలి దిటవును ముట్టుకోలేకపోయింది. నేను తాళం వేయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "దెబ్బ మీద కొట్టకు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉందే, అక్కడ కొట్టు. మా పాట నివాసం అక్కడే" అంది. నాకు చాలా రోజులు పట్టింది. వచ్చాక ఇక వదల్లేదు.

తన కథ ఆవిడే చెప్పింది. చిన్నపిల్లగా ఓడలో లండన్ చేరింది. ఇంట్లోవాళ్ళు అద్దెకు గది అడిగితే నల్లవాళ్ళకు ఇవ్వమని తలుపులు వేసేవారట. తెల్లవాళ్ళ చర్చిలో పక్కన కూర్చుంటే లేచి వెళ్ళిపోయేవారట. అందుకని వాళ్ళవాళ్ళంతా ఎవరో ఒకరి ముందుగదిలో చేరి ఆరాధన చేసుకునేవారు. అక్కడ పాడుతుంటే విని ఒకాయన స్టూడియోకి తీసుకెళ్ళాడు. దుకాణం కింద నేలమాళిగ. గోడలకు దుప్పట్లు వేలాడదీసి ఉన్నాయట. వాయించేవాళ్ళంతా ద్వీపాలనుంచి వచ్చిన కుర్రాళ్ళు, పగలు బస్సుల్లో కండక్టర్లు, ఫ్యాక్టరీ కూలీలు. ఆ సంగీతాన్ని స్కా అంటారని, తర్వాత అదే నెమ్మదించి రెగే అయిందని ఆవిడ చెబితేనే నాకు తెలిసింది.

పాట అచ్చయి రికార్డుగా వచ్చింది. దాని మీద ఆవిడ పేరు లేదు. ఎవరికీ లేని పేరొకటి పుట్టించి వేశారు. ఆ పేరుతో వేరే అమ్మాయిని స్టేజీ ఎక్కించారు. జనం ఆ పాటకు డ్యాన్సులు చేస్తుంటే ఐరిస్ ఆంటీ ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ రేడియోలో తన గొంతు తానే వింది. వెళ్ళి అడిగితే, "నీకు ఇవ్వాల్సింది ఇచ్చేశాం కదా" అన్నారట. తర్వాత కూడా చాలా రికార్డుల్లో పాడింది. మగవాళ్ళ వెనక నిలబడి ఊ కొట్టడమే పని. ఎక్కడా పేరు లేదు.

"ఆ రోజు అడిగి వెనక్కి వస్తూ దారిలో ఒక పాట కట్టాను. అది ఎవరికీ ఇవ్వలేదు. ఏ మైకు ముందూ పాడలేదు. పాడితే పట్టుకుపోతారు" అంది ఆంటీ.

అది నాకు పాడి వినిపించింది. నేర్పింది. నేను పట్టుకుపోయాను.

కరోనా రోజులు. చర్చిలు మూసేశారు. మా తెలుగు సంఘంవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు పాడి ఫోన్లో పంపమన్నారు. ఆ రాగానికి తెలుగు మాటలు వేసి పంపాను. మాటలు నావే, అవి మాత్రం నావే. షార్జాలో ఉండే ఒక బ్రదర్ దానికి కీబోర్డు కలిపి యూట్యూబులో పెట్టాడు. రచన, స్వరకల్పన అని రెండిటి కిందా నా పేరు వేశాడు. తీసెయ్యమని అనలేదు. ఇంత కొత్త రాగం ఎక్కడిదని పాస్టరుగారు అడిగారు. "ప్రభువు కలలో ఇచ్చాడండి" అన్నాను. నోట్లోంచి ఎంత నున్నగా జారిందో! మా అక్క కూతురు సుగుణ దుబాయ్‌లో సత్వా అనే పేటలో పనిచేస్తుంది. అది ఫోన్ చేసి, "ఏంటి పిన్నీ, మనూళ్ళో మీటింగుల్లో మైకులెట్టి మరీ నీ పాటే పాడతన్నారంట! పిల్లలైతే చప్పట్లు అడ్డదిడ్డంగా కొట్టి సచ్చిపోతన్నారంట" అని ఒకటే నవ్వు. ఆ అడ్డదిడ్డం చప్పట్లే ఐరిస్ ఆంటీ. అది నాకు తెలుసు. నవ్వాను.

నా జీవితంలో మొదటిసారి నేను ఎవరో ఒకదాన్నయ్యాను. ఆ సంతోషాన్ని ఇప్పుడు కూడా తక్కువచేసి చెప్పను.

మీరు అనుకుంటున్నారేమో, ఇదేనా ఈవిడ తప్పు అని. కాదు. ఇది సగం. ఈ సగం చాలామందికి చెప్పాను. గుమ్మం సంగతే చెప్పలేదు.

విమానాలు మళ్ళీ మొదలయ్యాక ఒక మధ్యాహ్నం బెల్ మోగింది. మేడమ్ స్కూల్లో ఉంది. ఆంటీ లోపల నడుం వాల్చింది. తలుపు తీస్తే నల్లజాతి ఆయన, నడివయసు, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తన పేరు, లండన్‌లో తను నడిపే పాత రికార్డుల దుకాణం ఎక్కడో చెప్పాడు. వాళ్ళ నాన్న ఆ నేలమాళిగలో బాస్ గిటారు వాయించినవాడట. ఆ పాటను మళ్ళీ విడుదల చేస్తున్నారు. పాడిన మనిషి ఎవరో తేల్చి అసలు పేరు వేయాలని తిరుగుతున్నాడు. ఎవరో ఈ ఇల్లు చెప్పారు. ఫోన్ తీసి పాట పెట్టాడు.

ఒక్క లైను చాలు. ఆవిడే. పడుచు గొంతు, కానీ ఆవిడే.

"ఆవిడ మాటలు, పాటలు, ఏవున్నా రికార్డు చేసుకుంటాను. ఆవిడ పేరు ప్రపంచానికి తెలియాలి" అన్నాడు. ఏవున్నా అన్నాడు. ఆ మాట నా ఒంట్లో సూదిలా దిగింది. ఆంటీ దాచుకున్న ఆ పాట పాడుతుంది. ఇతను లోకానికి వినిపిస్తాడు. ఇవాళ కాకపోతే రేపు ఎవరో తెలుగువాళ్ళు వింటారు. నా కల ఏమవుతుంది?

"నో మెమరీ సర్. ఎవ్రీథింగ్ ఖలాస్" అన్నాను. మనుషుల్ని గుర్తుపట్టదన్నాను. పాడేదా అని అడిగాడు. నేనెప్పుడూ వినలేదన్నాను. కూతురు ఎవర్నీ రానివ్వదు, మళ్ళీ రావద్దన్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆలస్యం చేశానంటూ టోపీ పెట్టుకుని కారు వైపు నడిచాడు. పిలవడానికి బోలెడంత సమయం ఉంది. కారు సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. పిలవలేదు.

లోపలికి వెళ్తే ఆంటీ మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"ఎవరొచ్చారు?"

"నీళ్ళ క్యాన్లవాడు ఆంటీ."

"నీళ్ళవాడు నా పాట పెట్టుకున్నాడా?"

నాలుక తడబడలేదు. "పాటేం లేదాంటీ. నిద్దట్లో కల వచ్చి ఉంటుంది" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "కలేనేమో" అంది. తల దువ్వమంది. ఆ రోజు పాడలేదు. ఆ తర్వాత జడలు అల్లుతున్నప్పుడు ఎప్పుడూ పాడలేదు.

ఎందుకు చేశాను? ఇన్నేళ్ళు నన్ను నేను అడిగాను. పరువు పోతుందనా? ఊళ్ళో మైకులు ఆగిపోతాయనా? లేక అంతకంటే చీకటిది, ఆవిడ పెద్దదైతే నేను మళ్ళీ చిన్నదాన్నైపోతాననా? ఆవిడంటే ప్రేమ లేదా? ఉంది. ఇప్పటికీ ఉంది. ప్రేమించినవాళ్ళను దోచుకోలేమని ఎవరన్నారు? వాళ్ళనే సులువు. తలుపులు తీసే ఉంటాయి.

తర్వాత ఆవిడకు మతిమరుపు నిజంగానే వచ్చింది. మేడమ్ ఉద్యోగం మానేసి ఆవిడను లండన్ తీసుకెళ్ళిపోయింది. ఆవిడ అక్కడే పోయింది. అమ్మను బాగా చూసుకున్నావని మేడమ్ నాకు మెసేజ్ పెట్టింది. తిట్టు ఇంత కాల్చదు. ఆ పాత పాట కొత్త రికార్డు కూడా వచ్చింది, ఫోన్లో చూశాను. మళ్ళీ ఆ పుట్టించిన పేరే. మొదటిసారి ఆవిడ పేరు చెరిపింది ఆ స్టూడియోవాళ్ళు. రెండోసారి నేను.

అప్పుడు చర్చిలో లేచి నిలబడ్డాను. రాగం కలలో రాలేదు, ఐరిస్ అనే ఆవిడది, దొంగిలించాను అని మైకులో చెప్పాను. ఎవరూ రాళ్ళు వేయలేదు. ఆడవాళ్ళు వచ్చి కౌగిలించుకున్నారు. పాస్టరుగారు పక్కకు పిలిచి, "పోనీలేమ్మా, ఎవరి గొంతులోంచొచ్చినా దేవుడి మహిమకే కదా. ఇంక ఊరుకో. ఇలా చెబుతా పోతే సంఘం సాక్ష్యం పాడైపోద్ది, విశ్వాసంలో బలహీనులు తొట్రిల్లుతారు" అన్నారు.

"తొట్రిల్లనివ్వండి" అన్నాను.

పేరు మార్చమంటే షార్జా బ్రదర్ యూట్యూబులో మార్చలేదు. నేను పాడవలసి వస్తే ముందు ఐరిస్ పేరు చెప్పి పాడతానన్నాను. నన్ను పాటకు పిలవడం మానేశారు. మానేయనివ్వండి. మీ సంఘంలో ఆ పాట పాడుతుంటే, చప్పట్లు దెబ్బకీ దెబ్బకీ మధ్య పడుతుంటే, ఆ రాగం ఎవరిదో పక్కవాళ్ళకు చెప్పండి. దేవుడు నన్ను క్షమించాడో లేదో ఆయనకు నాకు మధ్య సంగతి. పాస్టరు దాన్ని చవగ్గా పంచిపెట్టనక్కర్లేదు. నేను అడగలేదు కూడా.

ఈ మధ్యనే మేడమ్‌కి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. రాగం, గుమ్మం, టోపీ ఆయన, ఆయన పేరు, దుకాణం ఎక్కడో, అన్నీ. చివర ఆవిడ గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"ఆ సాయంత్రం అమ్మ నాతో చెప్పింది. నీళ్ళవాడు నా రికార్డు పెట్టాడు అంది. నేను నవ్వాను. మర్నాడు మళ్ళీ అదే చెప్పింది. ఆ మర్నాడూ అదే. అమ్మకు మతి పోవడం మొదలైందనుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను."

నాకు గుర్తుంది. ఆసుపత్రికని ఆవిడకు గౌను తొడిగి, గుండీలు పెట్టి, చెయ్యి పట్టి కారు ఎక్కించింది నేనే. మామూలు చెకప్ అనుకున్నాను. ఎందుకని అడగలేదు.

"డాక్టరు ముందు కూడా అదే చెప్పింది. ఆయన రాసుకున్నాడు. నేను పక్కనే కూర్చుని, తల ఊపి, ఔను ఇలాగే మాట్లాడుతోంది అన్నాను. మా అమ్మ నా వైపు చూసింది" అంది మేడమ్. ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేయలేదు. చేయదు. నేను ఎదురుచూడడం లేదు.

కాబట్టి రాస్తున్నాను, ఎవరైనా ఎక్కడైనా చదువుకోవచ్చు. ఆ రోజు ఐరిస్ ఆంటీ మతి పోలేదు. ఆవిడ కల కనలేదు. గుమ్మంలో మోగింది ఆవిడ గొంతే, ఆవిడ సరిగ్గానే వింది, కూతురికి నిజమే చెప్పింది, డాక్టరుకు నిజమే చెప్పింది. అది నిజమని తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది. అది నేను.