ఫల్గుణ వీపు మీది సంచి

పాత సంచులంటే నాకు పిచ్చి. దాచడం దేనికి? విజయనగరంలో ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే యాభై రెండేళ్ళ మనిషిని, ముతక కాన్వాసుతో కుట్టిన పాతకాలం సంచి ఎవరి భుజాన కనబడినా, పెళ్ళి భోజనంలోంచి అయినా లేచి వెళ్ళి దాని పట్టీ పట్టుకుని చూస్తాను. నాలాంటివాళ్ళు నలభై ఆరుమంది కలిసి ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఇత్తడి బకిల్ మీద పడ్డ గీతలకు ఫొటోలు తీసి పంపుకుంటాం. తడిసిన కాన్వాసు వాసన ఎలా ఉంటుందో గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. మాలో ఒకాయన మైనం పట్టించిన నూలుకోటు వేసుకుని మే నెల ఎండలో బజారంతా తిరిగాడు. మైనం కరిగి చొక్కాకు అంటుకుంటే ఆ మరక కూడా అందంగానే ఉందని రాశాడు. మా ఆవిడ ప్రసన్న మమ్మల్నందర్నీ కలిపి గోనెసంచుల బ్యాచ్ అంటుంది.

అంటే అననీ, మా పిచ్చి వల్ల ఎవరికీ నష్టం లేదు కదా అనుకునేవాణ్ణి. ఫల్గుణ దగ్గర ఆ ధీమా కాస్తా పోయింది.

ఫల్గుణది హుకుంపేట నుంచి అరకు వెళ్ళే దారిలో, కొండ వాలు మీద ముప్పై గడపల ఊరు. నలభై దాటినవాడు. ఎకరం కాఫీ తోట ఉంది, అది ఇంటికి చాలదు. ఊరికి దిగువన సన్యాసిరావు అని ఎస్.కోట వైపు నుంచి వచ్చినాయన గుడారాలు వేసి క్యాంపు నడుపుతున్నాడు. మబ్బులు చూడ్డానికి వచ్చే జనాన్ని తెల్లవారేసరికి కొండమీదికి చేర్చడం, చోడి అంబలి, అంటే రాగి జావ, తాగించి కిందికి దింపడం ఫల్గుణ పని. ఆరేళ్ళ కిందట నేను మొదటిసారి ఆ క్యాంపుకి వెళ్ళినప్పుడు కొండనూ చూడలేదు, మబ్బునూ చూడలేదు. నా ముందు నడుస్తున్న ఫల్గుణ వీపే చూశాను. ఆ వీపు మీద ఖాకీ కాన్వాసు సంచి, తోలు పట్టీలు, మూడు ఇత్తడి బకిళ్ళు, అడుగున తోలు అతుకు. ఇప్పుడు అలాంటి కాన్వాసు నేసేవాళ్ళే లేరు.

అది వాళ్ళ నాన్న బుధుది. డొంకరాయిలో డ్యామ్ కట్టే రోజుల్లో బుధు సర్వే వాళ్ళ గొలుసులు, కొలకర్రలు మోసేవాడట. పని అయిపోయి వెళ్తూ ఒక ఇంజనీరు తన సంచి ఇచ్చేశాడు. ఆ తర్వాత బుధు అందులో పెట్టి మోయని వస్తువు లేదు. పసుపు కొమ్ములు, కోళ్ళు, ఒకసారి చంటిబిడ్డగా ఉన్న ఫల్గుణని కూడా. అదంతా విని నేను పరవశించిపోయి, రెండు తరాల వీపులెక్కిన సంచి అని పేరుపెట్టి గ్రూపులో పెద్ద వ్యాసం రాశాను. మనిషి ఫొటో ఒకటి పెట్టాను, బకిళ్ళవి పదకొండు పెట్టాను.

ఆ రాత ఎక్కడెక్కడికో పాకింది. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి సంచిని చూడ్డానికి జనం రావడం మొదలుపెట్టారు. సన్యాసిరావు ఊరుకుంటాడా? సంచితో ఉన్న ఫల్గుణ ఫొటోని రోడ్డు మీది బోర్డుకి ఎక్కించాడు. సంచి లేకుండా కొండెక్కకూడదన్నాడు. సంచికి జతగా పాతకాలం ఖాకీ ఉన్ని కోటు కొనిచ్చి, ఏప్రిల్‌లో కూడా అది విప్పకూడదన్నాడు. అందరిలా తేలికపాటి వానకోటు వేసుకుంటానంటే గెస్టులు ఒప్పుకోరన్నాడు. తోలు పట్టీ ఒరుసుకుని ఫల్గుణ ఎడమ భుజం మీద కాయ కాసింది. ఆ కాయకి కూడా మావాడొకడు ఫొటో తీశాడు.

ఇక నాకు తర్వాతెప్పుడో తెలిసిన సంగతి ముందే చెప్పేస్తాను. నాకు తెలియదన్నది ఎలాగూ పనికొచ్చే సాకు కాదు.

వాళ్ళ ఊళ్ళో మనిషి పోతే, ఆ మనిషి వాడుకున్నవి ఇంట్లో ఉంచరు. కంచం, గొడుగు, దుప్పటి, నీళ్ళకుండ, అన్నీ తీసుకెళ్ళి పాతిన చోట పెట్టేస్తారు. అక్కడివి ఇంక ఎవరూ ముట్టరు. బుధు పోయినప్పుడు ఫల్గుణ చెన్నైలో భవనాల పనిలో ఉన్నాడు. తండ్రి సంచి అతని వెంటే ఉంది. మూడోరోజు ఊరు చేరేసరికి అన్నీ పెట్టేశారు, ఇదొక్కటే మిగిలిపోయింది. రేపు పెడతానన్నాడు. నాన్నవి అంటూ మిగిలింది అదొక్కటే కాబట్టి ఆ రేపుని నెట్టుకుంటూ పోయాడు. తల్లి దేముడమ్మ కూడా కొడుకు దిగులు చూసి కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఈలోపు నేనొచ్చి వ్యాసం రాశాను, సంచి కాస్తా ఉద్యోగమైపోయింది.

ఒక ఏడాది ఫల్గుణ కూతురికి జ్వరం వచ్చి మూడు నెలలు వదల్లేదు. అప్పుడు దేముడమ్మ తేల్చి చెప్పింది. "మీ అయ్య సంచి కోసరం దారిలోనే కూకుండిపోనాడురా. ఆడు ఎల్లడు, మిమ్మల్ని ఉండనివ్వడు. అది ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళు నేను నీ ఇంట్లో ముద్ద ముట్టను." ఆ మాట అని అదే ఊళ్ళో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. ఫల్గుణ సంచిని ఇంట్లోంచి తీసి మేకలపాక చూరుకి వేలాడదీశాడు. ఆమె దిగిరాలేదు. నాలుగేళ్ళు కొడుకు గడప ముందునుంచే నడిచి వెళ్తూ, లోపలికి తొంగి చూడలేదు.

ఆ నాలుగేళ్ళలో ఒకసారి ఫల్గుణ నన్ను అడిగాడు. "సారూ, అచ్చం ఇలాటిదే ఇంకోటి సెయ్యించగలరేటి?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నకిలీల మీద అరగంట ఉపన్యాసం ఇచ్చాను. కొత్త బకిల్‌కీ పాత బకిల్‌కీ తేడా మావాళ్ళు పది అడుగుల దూరం నుంచి పట్టేస్తారని చెప్పాను. ఎందుకు అడుగుతున్నావని మాత్రం అడగలేదు. అతను అంతా విని, "అయితే అవదన్నమాట," అని కోటు బొత్తాలు పెట్టుకుని పనిలోకి వెళ్ళాడు.

కిందటేడు దసరాలు వెళ్ళాక సంచి పోయిందని సన్యాసిరావు కబురు చెప్పాడు. అరకు సంతలో ఎవరో ఎత్తుకుపోయారట. మా గ్రూపులో ఆ రోజంతా సంతాపాలే. ఒకాయన నల్లరంగు గుర్తు పెట్టాడు. సన్యాసిరావు ఫల్గుణ మీద చిందులు తొక్కాడు గానీ, దొంగతనానికి మనిషిని ఏం అంటాడు? బోర్డు మార్చుకోవాలి కదా అని సణుక్కుంటూ ఊరుకున్నాడు.

ఎవరూ ఎత్తుకుపోలేదు. ఫల్గుణే తీసుకెళ్ళి తండ్రి దగ్గర పెట్టాడు. దేముడమ్మ ఆ సాయంత్రమే కొడుకు ఇంటికి వచ్చింది.

జనవరిలో నేను ఒక్కణ్ణే వెళ్ళాను. పొద్దున్నే కెమెరా పట్టుకుని, దారి వదిలేసి సిల్వర్ ఓక్ చెట్ల మధ్యగా పక్క వాలులోకి దిగాను. అక్కడ నిలబెట్టిన పలకరాళ్ళు ఉన్నాయి. వాటి మొదట్లో పగిలిన కుండలు, ఊచలు తేలిన గొడుగు, చివికిపోయిన దుప్పటి. ఒక రాతికి ఆనించి సంచి. మూడు బకిళ్ళూ లెక్కపెట్టుకున్నాను, అదే. దొంగ భయపడి ఈ పాడుబడ్డ చోట పారేసి పోయాడనుకున్నాను. చుట్టూ ఉన్న వస్తువులు చూసి కూడా నాకు వేరే ఆలోచన రాలేదు. నా కళ్ళకి బకిళ్ళు తప్ప ఏదీ ఆనదు. సంచిని నా చొక్కాలో చుట్టి, అక్కడ ఎవరికీ చెప్పకుండా ఇంటికి పట్టుకొచ్చాను. ఫల్గుణకి ఆశ్చర్యం కలిగించాలని నా సరదా.

నాలుగు ఆదివారాలు ఆ సంచి మీదే గడిపాను. మెత్తటి బ్రష్షుతో బూజు వదిలించాను. కుంకుడు రసంతో కడిగాను. తేనెమైనం కరిగించి రెండుసార్లు పట్టించాను. ఎడమ పట్టీ కుట్టు వదిలితే మైనపు దారంతో చేత్తో కుట్టాను. ప్రతి ఆదివారం ఫొటోలు పెడుతుంటే గ్రూపులోవాళ్ళకి కళ్ళ నీళ్ళొచ్చాయట. నా జన్మలో నేను అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు. పిల్లల చదువులు కూడా చూడలేదని ప్రసన్న అంది.

ఫిబ్రవరిలో ఎనిమిదిమందిమి కలిసి క్యాంపుకి వెళ్ళాం. మధ్యాహ్నం భోజనాలకి అందరూ చేరారు. దేముడమ్మ వంటపాక అరుగు మీద కూర్చుని అడ్డాకులు కుడుతోంది. ఆమె ఫల్గుణ తల్లి అని సన్యాసిరావే చూపించాడు. ఆమె కూడా చూడాలని, నేను కావాలనే ఆమెకి ఎదురుగా నిలబడి గుడ్డ తొలగించాను.

మావాళ్ళు చప్పట్లు కొట్టారు. సన్యాసిరావు "అదృష్టవంతుడివిరా ఫల్గుణా, పోయిన సంచి ఎతుక్కుంటూ వచ్చీసింది," అన్నాడు. ఫల్గుణ సన్యాసిరావు వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. తర్వాత మెల్లగా నవ్వి, "ఎక్కడ దొరికింది సారూ?" అన్నాడు. చెట్లలో పడేసి ఉందన్నాను. ఫొటోకి వేసుకోమని నలుగురూ పట్టుబట్టారు. వేసుకున్నాడు. చప్పట్లలో నేను గమనించలేదు గానీ, ఫొటోల్లో తర్వాత చూశాను, మొదటి వాటిలో దేముడమ్మ అరుగు మీద ఉంది. చివరి రెండింటిలో ఆకుల కట్ట ఒక్కటే ఉంది.

సాయంత్రం ఫల్గుణ నన్ను టీకొట్టు వెనక్కి పిలిచి, పైన నేను చెప్పినదంతా అప్పుడు చెప్పాడు. గొంతు పెంచలేదు. పెంచి నన్ను రెండు తిట్టినా బాగుండేది. నాకు భూమిలోకి కుంగిపోయినంత సిగ్గేసింది.

"ఇప్పుడే తీసుకెళ్ళి అక్కడే పెట్టేస్తాను," అన్నాను.

"అవదు సారూ. పోనోళ్ళకిచ్చింది ఎనక్కి తెచ్చుకుంటే, మల్లీ ఇస్తే పట్టుకోరు. అమ్మ అప్పుడే చిన్నమ్మ ఇంటికి ఎలిపోనాది."

"పోనీ సన్యాసిరావుకి నేను నిజం చెప్తాను. కొండమీదికి దీన్ని తేవద్దంటాడు."

"ఏటని చెప్తారు? సంతలో పోనాదని నేను అబద్ధం ఆడేనని చెప్తారా? పని ఉంటాదా? ఎకరం తోటతో పిల్లగుంటల్ని ఏటి పెట్టి సదివించనూ?"

అప్పటికే మావాళ్ళు ఫొటోలు పెట్టేశారు. సంచి తిరిగొచ్చింది, పదండి అని ఎవరో రాశాడు కూడా. వచ్చే రెండు వారాలకీ గుడారాలు నిండిపోయాయని సన్యాసిరావు చెప్పాడు.

ఫల్గుణ సంచిని ఒళ్ళో పెట్టుకుని, నేను మైనం పట్టించిన మూతని తెరిచి లోపలికి చూశాడు. లోపల కూడా శుభ్రంగా కడిగాను.

"సారూ, మీరు తీసినప్పుడు ఇందులో చోడి అన్నం ఉండాల. ఆకులో కట్టినది. రెండు చుట్టలు కూడా."

ఉన్నాయి. ఎండి నల్లబడిన ఉండ ఒకటి, చీమలు పట్టిన ఆకుతో సహా. ఎలక తెచ్చుకుని పెట్టుకుందనుకుని మా మేడమీంచి మురిక్కాలవలోకి దులిపేశాను. ఆ మాటే చెప్పాను. అబద్ధం చెప్పే ధైర్యం కూడా లేకపోయింది.

ఫల్గుణ మూత మూసి బకిల్ బిగించాడు.

"అమ్మ కట్టింది సారూ అది. నాలుగేళ్ళకి మా ఇంట్లో పొయ్యి రాజేసి, ముందు అయ్యకి కట్టి, నా సేత ఆ సంచిలో పెట్టించి, అప్పుడు తను తింది."

కింద నుంచి సన్యాసిరావు ఈల వేశాడు. పొద్దు వాలేలోపు కొత్తగా వచ్చిన గెస్టులని వ్యూపాయింటుకి తీసుకెళ్ళాలి. ఫల్గుణ లేచి కోటు దులుపుకుని, సంచి పట్టీల్లో చేతులు దూర్చి సర్దుకున్నాడు. ఎడమ పట్టీ కాయ మీద పడకుండా వేలితో కాస్త జరుపుకుని, నన్ను కూడా రమ్మన్నట్టు తలూపి వాళ్ళ ముందు నడిచాడు.